ఆరంభశూరత్వం దాటాలంటే: సంఘంలో తెచ్చిన మార్పును నిలబెట్టుకోవడం ఎలా?

ఉగాదికి కొత్త కార్యవర్గం వస్తుంది. ఆదివారం తెలుగు తరగతులు మొదలవుతాయి. మొదటి రోజు ముప్పై మంది పిల్లలు, వేదిక మీద శాలువాలు, వాట్సాప్ నిండా ఫోటోలు. దసరా నాటికి పిల్లలు పదిమంది అవుతారు. సంక్రాంతి వచ్చేసరికి పాఠం చెప్పే ఆవిడ ఊరు మారిందనో, కార్యదర్శికి బదిలీ అయిందనో తరగతి ఆగిపోతుంది. రెండేళ్ళకు ఇంకో కార్యవర్గం వచ్చి అదే తరగతికి మళ్ళీ కొబ్బరికాయ కొడుతుంది. బెంగళూరు కానీ, హోసూరు కానీ, బరంపురం కానీ, షోలాపూర్ కానీ, మన సంఘాల్లో కొంతకాలం తిరిగినవారికి ఈ వరస కొత్త కాదు.

తెలుగువాళ్ళు ఆరంభశూరులన్న నింద మనకు పాతదే. మనమే నవ్వుతూ ఒప్పుకుంటుంటాం కూడా. అయితే ఆగిపోయిన పనులను ఒక్కొక్కటిగా తీసి చూస్తే, మనవాళ్ళకు ఓపిక లేకపోవడం వల్ల ఆగినవి తక్కువ. పని మొత్తం ఒకరి తలలో, ఒకరి ఫోనులో, ఒకరి పరపతి మీద ఉండటం వల్ల ఆగినవే ఎక్కువ. ఆ ఒక్కరు పక్కకు జరగగానే పనీ పడిపోతుంది. కాబట్టి నాయకత్వం చేపట్టినవారు వేసుకోవలసిన ప్రశ్న "నేను ఏం మొదలుపెట్టాను?" అన్నది కాదు. "నేను లేనప్పుడు ఏది నడుస్తుంది?" అన్నది.

పదేళ్ళ పని, రెండేళ్ళ కార్యవర్గం

మనకు ఈ సంగతి మిగతావారికన్నా ఎక్కువ ముఖ్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో దాదాపు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది ఉన్నా, మన భాషకు సంబంధించిన పనులు వాటంతట అవి జరగవు. రాజ్యాంగంలోని 30వ అధికరణం సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించాలని రాష్ట్రాలకు చెప్పింది. ఈ హక్కులు కాగితం మీద ఉన్నాయి. వాటిని బడిదాకా తెచ్చుకోవాలంటే ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు తిరగాలి.

తమిళనాడు సంగతే చూద్దాం. 2006లో తమిళాన్ని తప్పనిసరిగా నేర్పే చట్టం వచ్చింది. ఆ విద్యా సంవత్సరం ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి తీసుకువెళ్ళారు. ఆ తొలి పిల్లలు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చారు. మాతృభాషలో భాషా పరీక్ష రాసుకునే వెసులుబాటు కోసం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లల తరఫున మద్రాసు హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది కాలం లెక్క. చట్టం వచ్చిన రోజునే పదో తరగతి పరీక్ష ఏ సంవత్సరం ఎదురవుతుందో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పవచ్చు. మధ్యలో పదేళ్ళ గడువు ఉంది. రెండేళ్ళకోసారి మారే సంఘంలో పదేళ్ళంటే ఐదు కార్యవర్గాలు. ఏ బడిలో ఎంతమంది తెలుగు పిల్లలున్నారు, ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఏ అధికారికి ఏ తేదీన అర్జీ ఇచ్చాం, ఏం జవాబు వచ్చింది అన్న వివరాలు మొదటి కార్యవర్గం నుంచి ఐదో కార్యవర్గం దాకా చెదరకుండా అందాలి. అందకపోతే ఐదో కార్యవర్గం మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. కోర్టులోనూ, కలెక్టరు కార్యాలయంలోనూ ఆవేశానికి విలువ లేదు, కాగితానికే విలువ.

మన పనుల్లో చాలావాటి ఆయుష్షు కార్యవర్గం ఆయుష్షుకన్నా పెద్దది. అందుకే మార్పు తేవడంకన్నా దాన్ని చేతులు మార్చడం నేర్చుకోవాలి.

గెలిచామని తొందరపడి చాటుకోవడం

సంస్థల్లో మార్పు ఎందుకు నిలవదన్న విషయం మీద జాన్ కాటర్ అనే అమెరికా ఆచార్యుడు 1995లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. మార్పు ప్రయత్నాలను దెబ్బతీసే ఎనిమిది తప్పులను అందులో వివరించారు. వాటిలో రెండు మనకు అచ్చంగా వర్తిస్తాయి. ఒకటి, పని కుదురుకోకముందే గెలిచామని చాటుకోవడం. రెండు, కొత్త పద్ధతిని సంస్థ అలవాటుగా మార్చకుండా వదిలేయడం.

మన సంఘాల్లో ప్రారంభోత్సవానికి ఉన్న వైభవం ఆరో నెలకు ఉండదు. ముఖ్య అతిథి, మైకు, భోజనాలు అన్నీ మొదటి రోజునే. నిజానికి పిల్లలు రావడం తగ్గే మూడో నెలలోనూ, పరీక్షల రోజుల్లోనూ, వేసవి సెలవుల తర్వాత తరగతి మళ్ళీ తెరిచే వారంలోనూ నాయకుడి అవసరం ఎక్కువ. ఆ రోజుల్లో అధ్యక్షులు ఒక్కసారి తరగతి గదిలోకి వచ్చి వెనక బెంచీ మీద అరగంట కూర్చుంటే, ప్రారంభం రోజు ఇచ్చిన ఉపన్యాసంకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. పెద్ద సభ పెట్టాలనుకుంటే మొదటి రోజున కాదు, తరగతి ఏడాది పూర్తి చేసుకున్న రోజున పెట్టాలి. శాలువా కూడా ఆ రోజునే, పాఠం చెప్పినవారికి.

మదురైలో పదకొండు పడకలు

మార్పును, పెరుగుదలను ముప్పై నలభై ఏళ్ళు నిలబెట్టిన సంస్థ ఒకటి మనం నివసించే ప్రాంతంలోనే ఉంది. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి. ప్రభుత్వోద్యోగం నుంచి 58 ఏళ్ళకు పదవీ విరమణ చేసిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, 1976లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వారి జీవిత భాగస్వాములతో కలిసి పదకొండు పడకలతో దాన్ని మొదలుపెట్టారు. వయసులో ఉండగానే కీళ్ళవాతం ఆయన వేళ్ళను వంకరలు చేసింది. ఆ చేతులతోనే కంటి ఆపరేషన్లు నేర్చుకుని లక్షకు పైగా చేశారు.

ఆయన గొప్ప వైద్యుడు. అంతవరకే అయి ఉంటే ఆసుపత్రి ఆయనతోనే ఆగేది. అక్కడ జరిగిన మూడు పనులు మన సంఘాలకు కూడా పనికొస్తాయి.

మొదటిది, పనిని విడగొట్టడం. వైద్యుడు మాత్రమే చేయగలిగిన పని ఏది, ఇతరులు నేర్చుకుని చేయగలిగిన పని ఏది అని వేరు చేశారు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. వైద్యుడి సమయం ఎదురుచూపుల్లో పోదు. మన దగ్గర కార్యదర్శి ఒక్కడే హాలు మాట్లాడాలి, బ్యానరు కొట్టించాలి, రసీదులు రాయాలి, అతిథిని స్టేషన్ నుంచి తీసుకురావాలి. కార్యదర్శి మాత్రమే చేయవలసిన పనులు నిజానికి నాలుగో ఐదో ఉంటాయి. మిగతావి పంచవచ్చు.

రెండోది, మనుషులను తయారు చేసుకోవడం. ప్లస్ టూ చదివిన పల్లెటూరి అమ్మాయిలను తీసుకుని, రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, కంటి పరీక్షల నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా బాధ్యతలు అప్పగించారు. తయారైన మనిషి దొరకలేదని కూర్చోలేదు. "ఈ కాలం కుర్రాళ్ళు రావడం లేదండీ" అన్నది మన సంఘాల్లో తరచూ వినబడే మాట. వచ్చినవారికి మనం ఏం నేర్పామన్నది అడుక్కోవలసిన ప్రశ్న.

మూడోది, అడ్డంకి ఎక్కడుందో వెతికి దాన్నే తొలగించడం. కంట్లో అమర్చే లెన్సులు విదేశాల నుంచి రావాలి, పేదలకు అందని ధర. ఆపరేషన్లు ఎన్ని చేసినా అక్కడే చిక్కు. 1992లో ఆరోలాబ్ పేరుతో లెన్సుల తయారీని సొంతంగా మొదలుపెట్టి ధరను బాగా దించారు. తాము నేర్చుకున్న పద్ధతులను లైకో అనే శిక్షణ సంస్థ ద్వారా ఇతర ఆసుపత్రులకు కూడా నేర్పారు. పక్కవాడికి నేర్పాలంటే ముందు మన పద్ధతి మనకే స్పష్టంగా రాసి ఉండాలి. ఆ రాతే సంస్థను నిలబెడుతుంది.

2006లో వెంకటస్వామి కన్నుమూశారు. ఆసుపత్రి ఆగలేదు, ఇంకా పెరిగింది.

నాయకురాలు ఢిల్లీలో ఉన్నా

మన తెలుగువారి సంస్థల్లోనే మరో ఉదాహరణ ఉంది. 1937లో మద్రాసులో దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. తర్వాత కొన్నేళ్ళకే ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు, ప్రణాళికా సంఘంలో పనిచేశారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. అంటే ఎక్కువ కాలం ఢిల్లీలోనే. రోజూ వచ్చి తాళం తీసే వ్యక్తి ఆమె ఒక్కరే అయి ఉంటే సభ అక్కడితో ముగిసేది. కానీ సభ మద్రాసులో నడిచింది, హైదరాబాదుకూ విస్తరించింది, బడులు, కళాశాలలు, ఆసుపత్రులు నడిపింది. 1981లో ఆమె వెళ్ళిపోయిన తర్వాత కూడా కొనసాగింది.

చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం సభ తొలినాళ్ళ పనుల్లో ఒకటి. పని చిన్నది, హద్దులు స్పష్టంగా ఉన్నది, ఫలితం కొలవగలిగినది. పరీక్ష పాసయ్యారా లేదా అన్నది ఎవరైనా చూడవచ్చు. "తెలుగు సంస్కృతిని కాపాడతాం" అన్న తీర్మానానికి అలాంటి కొలత లేదు. అందుకే అది ప్రతి మహాసభలోనూ మళ్ళీ మళ్ళీ ఆమోదం పొందుతూ ఉంటుంది.

మన సంఘంలో ఎక్కడ మొదలుపెట్టాలి

ఏడాదికి ఒకే మార్పు తీసుకుందాం. తరగతి, గ్రంథాలయం, వధూవరుల పరిచయ వేదిక, ఉపకార వేతనాలు అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే దేనికీ మనుషులు చాలరు. ఒకటి తీసుకుని దానికి కొలత పెట్టాలి. "ఈ ఏడు చివరికి పదిహేను మంది పిల్లలు ఒక పేజీ తెలుగు తడబడకుండా చదవాలి" అన్నది కొలత. అది అందుకున్న తర్వాతే రెండో పని.

ప్రతి పనికీ ఇద్దరిని పెట్టాలి. ఒకరు చేసేవారు, ఒకరు పక్కన ఉండి నేర్చుకునేవారు. వాన రాకడ, ప్రాణం పోకడ మన చేతిలో లేవు. బదిలీలు, పెళ్ళిళ్ళు, అనారోగ్యాలు కూడా అంతే. రెండో మనిషి ఉన్నప్పుడు తరగతి ఒక్క ఆదివారం కూడా ఆగదు. లెక్కల పనికి ఇది మరీ ముఖ్యం.

పని పుస్తకం ఒకటి రాయాలి. మినిట్స్ పుస్తకం వేరు, ఇది వేరు. రిజిస్ట్రేషన్ పత్రం అసలు ఎవరి దగ్గర ఉంది, బ్యాంకులో సంతకాలు ఎవరివి, ఆడిటరు ఎవరు, హాలుకు ఎవరిని అడగాలి, ఏ అధికారికి ఏ అర్జీ ఎప్పుడు ఇచ్చాం, ఈమెయిల్, వెబ్‌సైట్ తాళాలు ఎక్కడున్నాయి అన్నవన్నీ అందులో ఉండాలి. సంఘాల చట్టాలు రాష్ట్రాన్ని బట్టి వేరు. తమిళనాడుకు 1975 చట్టం, కర్ణాటకకు 1960 చట్టం ఉన్నాయి. ఎక్కడైనా సర్వసభ్య సమావేశం జరపడం, లెక్కలు చూపడం, కార్యవర్గం జాబితా ఇవ్వడం తప్పదు. కార్యదర్శి మారినప్పుడు ఈ దాఖలాలు ఆగిపోతే సంఘం ఉనికికే చిక్కు వస్తుంది. కొత్తవారికి తాళంచెవులతో పాటు ఈ పుస్తకం కూడా సంతకం పెట్టించి అప్పగించాలి.

కుర్రాళ్ళకు చాకిరీ కాదు, బాధ్యత ఇవ్వాలి. కుర్చీలు వేయడానికి, పోస్టరు చేయడానికి మాత్రమే పిలిస్తే రెండోసారి రారు. "సంక్రాంతి ముగ్గుల పోటీ మీది. ఇంత డబ్బు. ఈ లోపల మీరు ఏం నిర్ణయించినా మేం అడ్డురాం, లెక్క మాత్రం చెప్పండి" అనాలి. అన్న తర్వాత మాట మీద నిలబడాలి. వాళ్ళు చేసే పని మనం చేసినంత పద్ధతిగా ఉండకపోవచ్చు. మొదటి ఏడు లోపాలుంటాయి. మధ్యలో చేతిలోంచి లాక్కుంటే రెండో ఏడు మనుషులే ఉండరు.

ఇక్కడ భాష విషయం కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ చదవలేరు. వాళ్ళ తెలుగులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో కలుస్తుంది. సమావేశంలో ఒక మాట తప్పు పలికినందుకు పెద్దలు నవ్వితే ఆ అమ్మాయి ఇక నోరు విప్పదు. నోటీసు తెలుగుతో పాటు స్థానిక లిపిలో కూడా పెడితే తెలుగుకు వచ్చే నష్టం లేదు. పాత తరం తెచ్చిన యాస మనకు ఎంత సొంతమో, ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళ తెలుగు వాళ్ళకూ అంతే సొంతం. ముందు లోపలికి రానిద్దాం, అక్షరాలు తర్వాత నేర్పుకుందాం.

పెద్దల మాట, అలసిన చేతులు

మార్పును ఎదిరించేవారంతా శత్రువులు కారు. ముప్పై ఏళ్ళు చందాలు వసూలు చేసి స్థలం కొన్న పెద్దాయన, రసీదు పుస్తకం బదులు యూపీఐ అనగానే ముఖం ముడుచుకుంటే, ఆయన భయపడేది ఫోనుకు కాదు. తన పనికి ఇక విలువ లేదేమోనని. అలాంటివారికి సభలో ఉన్నట్టుండి చెప్పకూడదు. ముందే ఇంటికి వెళ్ళి, కాఫీ తాగుతూ, "బాబాయ్ గారూ, లెక్క తేలికవుతుందని ఇలా అనుకుంటున్నాం. మీ పాత పుస్తకాల్లోని పేర్లు కూడా ఎక్కిద్దామని ఉంది, మీరు దగ్గరుండి చెప్పాలి" అంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఆయన చెప్పే అభ్యంతరంలో నిజం ఉంటే పద్ధతి మార్చుకోవాలి కూడా. ఫోను లేని సభ్యులకు రసీదు పుస్తకం ఉంచితే తప్పేముంది?

మరో సంగతి, అలసట. మన సంఘాల్లో పనిచేసేవారు జీతగాళ్ళు కారు. ఉద్యోగం, ఇల్లు చూసుకుని మిగిలిన సమయం ఇస్తున్నారు. బాగా చేసే మనిషికే అన్ని పనులూ అప్పగిస్తుంటాం. మూడేళ్ళకు ఆ మనిషి విసిగి ఒక చిన్న మాటకు వెళ్ళిపోతే "అహంకారం" అంటాం. ఏడాదిలో ఒక కార్యక్రమం తగ్గించైనా సరే, చేసేవారికి విశ్రాంతి ఇవ్వాలి. పనికి పేరు కూడా చేసినవారికే రావాలి. వంటలు చూసుకున్న ఆడవాళ్ళ పేర్లు మన పత్రికా ప్రకటనల్లో ఎన్నిసార్లు కనిపించాయో వెతికి చూస్తే మన తీరు మనకే తెలుస్తుంది.

కుర్చీ దిగడం కూడా పనిలో భాగమే

మర్రిచెట్టు కింద మొక్క మొలవదంటారు. ఇరవై ఏళ్ళు ఒకరే అధ్యక్షులుగా ఉన్న సంఘాలు మన మధ్య ఉన్నాయి. వారిలో చాలామంది మంచివారు, సొంత డబ్బు పెట్టినవారు. "నేను దిగితే నడిపేవారు లేరు" అన్న వారి బాధ కూడా నిజమే. కానీ ఇరవై ఏళ్ళలో నడిపేవారు ఒక్కరూ తయారు కాలేదంటే, ఆ లోటు కూడా నాయకత్వం లెక్కలోకే వస్తుంది.

దీనికి ఒక సాదా పద్ధతి ఉంది. పదవీకాలం చివరి ఏడాది మొదట్లోనే తర్వాత నడపగల ఇద్దరు ముగ్గురిని గుర్తించి, ప్రతి సమావేశం నిర్వహణ వంతులవారీగా వారికి అప్పగించాలి. అధికారుల దగ్గరికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళి పరిచయం చేయాలి. దిగిన తర్వాత సలహా అడిగితేనే చెప్పాలి. తెర వెనక ఫోనులో సంఘాన్ని నడపకూడదు. ఎవరు రావాలన్నది మాత్రం సభ్యులు ఓటుతో తేల్చవలసిన విషయం, వారసత్వంగా ఇచ్చేది కాదు.

సంఘం నిజంగా ఎదిగిందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరూ మూడు నెలలు పక్కకు జరగాలి, ఫోను చేయకుండా. ఆ మూడు నెలల్లో తరగతి జరిగిందా, చందా రసీదులు కోశాధికారికి చేరాయా, కలెక్టరు కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరానికి గడువులోపల జవాబు వెళ్ళిందా అని చూడాలి. ఏది ఆగిందో దాన్నే వచ్చే ఏడాది మొదటి పనిగా పెట్టుకోవాలి. ఈ ఉగాదికి కొత్త కార్యవర్గం ప్రమాణం చేసే చోట ఆ మూడు నెలలు ఏవో కూడా అప్పుడే తేదీలతో సహా రాసుకుంటే మంచిది.